ఫ్లోరింగ్ పనికి తేలికైన స్లైడింగ్ మైటర్ సా: మియాపూర్ ఫ్లాట్ పని డైరీ

పని ఏమిటి

హైదరాబాద్ మియాపూర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. రెండు పడకగదుల్లో పాత విట్రిఫైడ్ టైల్స్ పీకకుండా వాటి మీదే 8 మి.మీ. లామినేట్ (చెక్కపొడి పలక మీద రంగు పొర అంటించిన ఫ్లోరింగ్) ప్లాంకులు పరవాలి. వాటిని కోయడానికి కావాల్సింది స్లైడింగ్ మైటర్ సా, అంటే బ్లేడున్న హెడ్డును కిందకు దించి, రెయిల్స్ మీద ముందుకూ వెనక్కూ జరిపి పలకను అడ్డంగానో ఓరగానో కోసే మిషన్. లిఫ్టులో సామాను ఎక్కించడానికి సొసైటీ ఇచ్చిన టైం తక్కువ, మిగతా వేళ మెట్లే దిక్కు. కోతకు దొరికిన చోటు నాలుగడుగుల బాల్కనీ. కరెంటు అంటే గదిలో ఉన్న 6 ఆంపియర్ల సాకెట్లు. 16 ఆంపియర్ల పాయింటు వంటింట్లో ఒకటి, గీజర్ దగ్గర ఒకటి. మిషన్ ఎంపికలో కేటలాగు కన్నా ఈ మూడు సంగతులే ఎక్కువ మాట చెల్లించుకున్నాయి.

మొదటి గది 3.6 × 4.2 మీటర్లు, రెండోది 3.3 × 3.9 మీటర్లు. ప్లాంకు 1215 × 195 మి.మీ., పెట్టెకు 8, అంటే సుమారు 1.9 చదరపు మీటర్లు. రెండు గదులు కలిపి 28 చదరపు మీటర్లు. తరుగు 7 శాతం వేస్తే దాదాపు 30, అంటే 16 పెట్టెలు. గదికి గది విడిగా లెక్కేస్తే 9, 8 కలిపి 17 వస్తాయి. రంగు, బ్యాచ్ ఒకటే అయితే కలిపి లెక్కేసుకోవడమే మేలు. పెట్టెలు గదిలోనే 48 గంటలు పడుకోబెట్టి ఉంచాలి, గోడకు నిలబెడితే వంగుతాయి.

మార్బుల్ కట్టర్ ఉండగా ఇంకో మిషన్ ఎందుకు

మన దగ్గర ఫ్లోరింగ్ పని చాలావరకు 4 అంగుళాల మార్బుల్ కట్టర్‌కి చెక్క బ్లేడు తగిలించి కానిచ్చేస్తారు. పని అవుతుంది, కాదనలేం. కానీ అది రాయి కోయడానికి చేసిన మిషన్. పళ్ళు లేని డైమండ్ బ్లేడు రాయిని అరగదీస్తుంది. పళ్ళున్న కార్బైడ్ బ్లేడు చెక్కను కొరుకుతుంది. కొరికే బ్లేడు ఇరుక్కుంటే మిషన్ వెనక్కి తన్నుతుంది. నిమిషానికి పన్నెండు, పదమూడు వేల చుట్లు తిరిగే ఈ మిషన్‌కి బ్లేడును దానంతటదే మూసే గార్డు ఉండదు. చేత్తో పట్టుకుని కోస్తే 195 మి.మీ. వెడల్పులో ఒక సూత్, అంటే 3 మి.మీ., పక్కకు పోవడం మామూలే.

ఆ ఒక సూత్‌తో ఏం పోతుందిలే అంటే, లెక్క చూడండి. లామినేట్‌కి గోడ చుట్టూ 10 మి.మీ. ఖాళీ వదలాలి. స్కర్టింగ్ (గోడ అడుగున బిగించే పట్టీ) మందం 12 మి.మీ. అయితే ప్లాంకు అంచు దాని కిందకు దూరేది 2 మి.మీ. మాత్రమే. కోత 1 మి.మీ. వంకరపోయి, ఇంకో మి.మీ. పెచ్చు లేస్తే అక్కడితో సరి. 15 మి.మీ. మందం స్కర్టింగ్ తీసుకుంటే 5 మి.మీ. వెసులుబాటు వస్తుంది. ఇక్కడ 15 మి.మీ.దే ఆర్డర్ పెట్టాం. చెప్పాలంటే ఖరీదైన బ్లేడు కన్నా ఈ 3 మి.మీ. ఎక్కువ పని కాపాడుతుంది.

ఎన్ని కోతలు, ఎలాంటివి

మొదటి గదిలో 4.2 మీటర్ల వైపు ప్లాంకులు నడుస్తాయి. రెండు చివర్లా 10 మి.మీ. తీసేస్తే వరస పొడవు 4180. మూడు నిండు ప్లాంకులు 3645, మిగిలింది 535. అది కోస్తే వచ్చే 680 ముక్కతో రెండో వరస మొదలవుతుంది. పక్క వరసల అతుకుల మధ్య 535 మి.మీ. దూరం వచ్చింది, బాగానే ఉంది. రెండో వరస చివర 1070 కావాలి, మిగిలేది 145. అది 300 కన్నా చిన్నది కాబట్టి వరస మొదట్లో పనికిరాదు. మూడో వరసకు కొత్త ప్లాంకును 1000 దగ్గర కోసి మొదలుపెడితే అతుకులు 1000, 2215, 3430 దగ్గర పడతాయి, చివర 750. రెండో వరస అతుకులకు 320 దూరం. నాలుగో వరస మళ్ళీ 680తో. ఇదంతా పరిచేటప్పుడు కాదు, ముందే కాగితం మీద వేసుకోవాలి. అప్పుడే ఒకే కొలత ముక్కలన్నీ ఒకేసారి స్టాప్ (కొలత దగ్గర ఆపే అడ్డు) పెట్టి కోసుకోవచ్చు.

వరస మొదటి ముక్కకు గోడవైపు కోత అంచు, లోపలివైపు క్లిక్ లాక్ (పక్క ప్లాంకుతో ఇరుక్కునే గాడి) ఉండాలి. తిప్పి కోస్తే లాక్ గోడవైపు పోతుంది, ప్లాంకు దండగ. అందుకని కోసేముందు ప్రతి ప్లాంకు వెనక బాణం గుర్తు.

వరసలు: 3580ని 195తో భాగిస్తే 18 నిండు వరసలు, చివర 70 మి.మీ. పట్టీ. 50 దాటింది కాబట్టి మొదటి వరసను సన్నం చేయనక్కర్లేదు. కానీ ఆ 70 పట్టీని ప్లాంకు పొడవునా చీల్చాలి, ఆ పని మైటర్ సా చేయదు. ద్వారబంధాల దగ్గర చెక్కుడూ చేయదు. వీటికి జిగ్‌సా (సన్నటి నిలువు బ్లేడు పైకీ కిందకీ ఆడే చేతి మిషన్), గైడ్ పట్టీతో సర్క్యులర్ సా (గుండ్రటి బ్లేడు చేతి మిషన్) వేరే ఉండాలి. మైటర్ సా కొంటే అన్నీ తీరిపోతాయనుకుని జిగ్‌సా లేకుండా సైటుకు పోతే చివరి వరస దగ్గర పని ఆగుతుంది.

రెండో గదిలో ఒక మూల 45 డిగ్రీల ఓరగోడ ఉంది. అక్కడ నాలుగు వరసల చివరలు ఓరగా కోయాలి. నాలుగు కోతలే అయితే జిగ్‌సాతో లాగేయవచ్చు. కానీ తర్వాతి పని కారిడార్‌లో ఐమూలగా పరచడం. ప్రతి వరసకూ రెండు ఓర కోతలు. మిషన్ దానికీ పనికిరావాలి.

జాబితాలోకి ఎవరొచ్చారు, ఎవరు పోయారు

ముందుగా పోయింది స్లైడ్ లేని, నేరుగా దించి మాత్రమే కోసే చాప్ సా. మకిటా ఎల్ఎస్1040 లాంటివి 260 మి.మీ. బ్లేడు ఉండి కూడా 11 కిలోలే, గట్టివి, రెయిల్స్ లేవు కాబట్టి పాడయ్యేదీ తక్కువ. కానీ కోసే వెడల్పు 130 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. 195 ప్లాంకును ఒకవైపు కోసి, తిప్పి రెండోవైపు కోయాలి. రెండు కోతలు కలిసేచోట చిన్న మెట్టు వస్తుంది. స్కర్టింగ్ మాత్రమే కోసేవాళ్ళకు ఇది ఇప్పటికీ మంచి మిషన్.

రెండోది, 254, 305 మి.మీ. స్లైడింగ్ మిషన్లు. ఇవి 20 కిలోలు, అంతకు పైన. 90 మి.మీ. ఎత్తు దూలాన్ని కోయగలవు, మనం కోసేది 8 మి.మీ. పలక. ఆ ఎత్తు కోసం మోసే బరువంతా దండగ. ఒక్కో లామినేట్ పెట్టె 13 కిలోల దగ్గర ఉంటుంది. మిషన్ కూడా ఆ బరువులోనే ఉంటే ఒక మనిషి మెట్లెక్కించగలడు. 20 దాటితే ఇద్దరు కావాలి. అంతకన్నా ముఖ్యం, ఒక్కడే ఎత్తాల్సి వస్తే రెయిల్స్ పట్టుకుని ఎత్తుతాడు. రెయిల్ ఒక్కసారి వంగితే దాన్ని సరిచేయడం సైటులో అయ్యే పని కాదు.

మిగిలినవి 190, 216 బ్లేడు తరగతులు. వీటిలో చూడాల్సిన అంకె బ్లేడు వ్యాసం కాదు, అడ్డంగా కోసే వెడల్పు. అదీ 45 డిగ్రీల దగ్గర. 90 డిగ్రీల వెడల్పును 0.7తో గుణిస్తే 45 దగ్గర వెడల్పు దాదాపుగా వస్తుంది. తిరగేసి చెప్పాలంటే, 195 ప్లాంకు ఓరగా కోయాలంటే 195 × 1.414, అంటే 276 మి.మీ. స్లైడు కావాలి.

డివాల్ట్ డిడబ్ల్యుఎస్774 వెడల్పు 250. నేరు కోతకు 195 హాయిగా పడుతుంది, 45 దగ్గర 177కు మించదు. బరువు తక్కువే అయినా కారిడార్ పని వల్ల వదిలేశాం. ప్లాంకులు నేరుగా పరిచేవాళ్ళు దీన్ని వదలనక్కర్లేదు.

బాష్ జిసిఎం 8 ఎస్‌జెఎల్: 216 బ్లేడు, 70 × 312 కోత (ఎత్తు × వెడల్పు, మి.మీ.), 1600 వాట్లు, 5500 చుట్లు, 17 కిలోల పైచిలుకు. కోతకు ఏ లోటూ లేదు. 1600 వాట్లంటే 230 వోల్టుల దగ్గర 7 ఆంపియర్లు. 6 ఆంపియర్ల సాకెట్ మీద పెట్టకూడదు. కాసేపు నడుస్తుంది, ఆ నడవడమే చిక్కు: ప్లగ్గు పిన్నులు వేడెక్కి సాకెట్ మెత్తబడేదాకా తెలియదు. వంటింటి నుంచి బాల్కనీకి ఎక్స్‌టెన్షన్ లాగాలి.

హిటాచీ పేరుతో వచ్చిన సి8ఎఫ్ఎస్ఇ, అదే ఇప్పటి హైకోకి వరస, 65 × 312 కోసి 14 కిలోల దగ్గర ఉంటుంది. మకిటా ఎల్ఎస్0714: 190 బ్లేడు, 52 × 300 కోత, 1010 వాట్లు, 6000 చుట్లు, 13-14 కిలోలు. కరెంటు 4.4 ఆంపియర్లు, గది సాకెట్ సరిపోతుంది. 300 వెడల్పు 45 దగ్గర 212 అవుతుంది, అంటే 195 ప్లాంకు 17 మి.మీ. మిగులుతో పడుతుంది. బ్లేడు చిన్నదైతే నరుకుడు మెల్లగా ఉంటుందేమో అన్న అనుమానం చాలామందికి ఉంటుంది. అంచు వేగం లెక్కేస్తే 190 బ్లేడు 6000 చుట్లతో సెకనుకు 60 మీటర్లు, 216 బ్లేడు 5500 చుట్లతో 62. తేడా లేనట్టే.

కాబట్టి 190 తరగతికే మొగ్గు. దీని లోటు ఎత్తు, అది స్కర్టింగ్ దగ్గర బయటపడుతుంది.

అమెరికా నుంచి బంధువులతో మిషన్ తెప్పించుకుందామా అనే ఆలోచన మన ఇళ్ళలో వస్తుంటుంది. అక్కడి మిషన్లు 120 వోల్టులవి. 15 ఆంపియర్ల మోటారుకు ఇక్కడ కనీసం 2 కెవిఎ, నిజానికి 3 కెవిఎ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది మిషన్ అంత బరువుంటుంది. చిన్న బ్లేడు కన్నం కూడా అక్కడ 5/8 అంగుళం, ఇక్కడ 20 లేదా 30 మి.మీ. వద్దు.

దుకాణంలో చూసినవి

సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ పనిముట్ల బజారుకు వెళ్ళేటప్పుడు మూలమట్టం, ఒక అడుగున్నర ప్లాంకు ముక్క తీసుకెళ్ళాలి. హెడ్డును పూర్తిగా ముందుకు లాగి, కింది దాకా దించి, పక్కలకు మెల్లగా ఊపి చూస్తే రెయిల్స్ వదులు తెలుస్తుంది. బ్లేడు కొన కంటికి కనిపించేంత కదిలితే ఆ పీసు వద్దు. 45 దగ్గర, నేరు కోత దగ్గర తాళం పడ్డాక బల్లను నెట్టినా జరగకూడదు. రెయిల్స్ వెనక్కి పొడుచుకొచ్చే రకమైతే గోడకూ మిషన్‌కూ మధ్య ఎంత చోటు వదలాలో టేపుతో కొలుచుకోవాలి: నాలుగడుగుల బాల్కనీలో మిషన్, వెనక రెయిల్స్, ముందు మనిషి, అంతా 1200 మి.మీ.లో పట్టాలి. లోతు ఆపే స్క్రూ, అంటే డెప్త్ స్టాప్, ఉందో లేదో తప్పక చూడాలి. ఎందుకో కింద వస్తుంది.

10 అంగుళాల బ్లేడు ఏ దుకాణంలోనైనా చేతికి దొరుకుతుంది. 190, 216 బ్లేడ్లు అన్నిచోట్లా ఉండవు. మిషన్‌తో పాటే రెండు బ్లేడ్లు తీసుకోవడం మంచిది. 30 కన్నం బ్లేడుకు వదులు రింగు వేసి 20 షాఫ్టుకు ఎక్కించే పని చేయొద్దు, బ్లేడు ఊగి కోత వెడల్పవుతుంది.

బ్లేడు

లామినేట్ పైపొరలో అల్యూమినియం ఆక్సైడ్ ఉంటుంది. ఉప్పుకాగితంలో వాడేదీ అదే. మిషన్‌తో వచ్చే 24 లేదా 40 పళ్ళ బ్లేడు మొదటి గది సగంలోనే మొండి పడుతుంది. 60 పళ్ళకు తగ్గకుండా, ఒకటి విడిచి ఒకటి బల్లపరుపుగా ఉండే ట్రిపుల్ చిప్ పళ్ళతో, నెగటివ్ హుక్ (వెనక్కి వాలిన పళ్ళు) ఉన్నది కావాలి. పన్ను ముందుకు వాలి ఉంటే స్లైడింగ్ మిషన్‌లో బ్లేడు తనంతట తాను పలక మీదకు ఎక్కాలని చూస్తుంది. వెనక్కి వాలి ఉంటే మన చెయ్యి నెట్టినంతే పోతుంది. బ్లేడు మీద రాసిన గరిష్ఠ చుట్లు మిషన్ చుట్ల కన్నా ఎక్కువ ఉండాలి.

మొండి పడిందని గుర్తు: కోత అంచు గోధుమరంగుకు తిరగడం, కాలిన వాసన, పైపొర మీద తెల్లటి పెచ్చులు. అప్పుడు గట్టిగా నెట్టడం మొదలవుతుంది. నెట్టడం మొదలైతే బ్లేడు వంగి కోత చదరం తప్పుతుంది.

ఎస్‌పిసి (రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే) పలకలైతే ఈ మిషన్ మీద పెట్టకపోవడమే మంచిది. వాటి లోపల సున్నపురాయి పొడి, బ్లేడును తినేస్తుంది. కత్తితో గాటు పెట్టి విరిస్తే విరుగుతాయి.

సరిచూడటం, తొలి కోతలు

కొత్త మిషన్ డబ్బాలోంచి తీయగానే చదరంగా ఉంటుందనుకోకూడదు. ప్లాంకు ముక్కను కోసి, ఒక సగాన్ని బోర్లించి రెండూ మూలమట్టం పట్టీకి ఆనించి కలపాలి. మధ్యలో కనిపించే సందు అసలు తప్పుకు రెట్టింపు. 195 మీద అర మి.మీ. సందు ఉంటే తప్పు పావు మి.మీ.; ఫ్లోరింగ్‌కు పరవాలేదు, స్కర్టింగ్ మూలలకు మాత్రం పనికిరాదు. ఫెన్స్ (పలకను ఆనించే వెనక అడ్డు) బోల్టులు వదులు చేసి, బ్లేడు పంటికి కాకుండా బ్లేడు ఒంటికి మూలమట్టం ఆనించి బిగించాలి.

1215 ప్లాంకుకు పక్క ఆసరా లేకపోతే చివర వాలి, కోత పూర్తయ్యే క్షణంలో బ్లేడును నొక్కుతుంది. మిషన్ బెడ్డు ఎత్తు కొలిచి, అంత ఎత్తు వచ్చేలా పనికిరాని లామినేట్ ముక్కలు పేర్చి రెండు పక్కలా పెడితే చాలు, 8 మి.మీ. పలకలు తొమ్మిది పేరిస్తే 72 మి.మీ. ప్రత్యేకం స్టాండు కొనక్కర్లేదు.

ఇక పెచ్చుల సంగతి. లామినేట్‌ను రంగు పైకి పెట్టి కోయాలని అంతా చెబుతారు. హెడ్డును నేరుగా దించే చాప్ కోతకు అది నిజం: ముందువైపు పళ్ళు పైనుంచి కిందకు దిగుతాయి, పెచ్చు అడుగున, ఫెన్స్ వైపు లేస్తుంది. స్లైడ్ కోతలో హెడ్డును ముందుకు లాగి, దించి, వెనక్కి నెడతాం. అప్పుడు కొరుకుతున్నవి బ్లేడు వెనకవైపు పళ్ళు. అవి కిందనుంచి పైకి వస్తాయి, రంగు పొరను పైకి లేపుతాయి. ఒకే ప్లాంకులో ఒక చోట నున్నగా, ఇంకో చోట పెచ్చులుగా రావడానికి కారణం ఇదే, బ్లేడు లోపం కాదు.

మందు రెండు రకాలు. అంచు స్కర్టింగ్ కిందకు పోయేదైతే రంగు కిందకు పెట్టి, వెనక గుర్తు గీసి కోయడం. పైకి కనిపించే అంచయితే డెప్త్ స్టాప్‌ను 1-1.5 మి.మీ. లోతుకు పెట్టి, హెడ్డును వెనకనుంచి మెల్లగా మన వైపు లాగుతూ గాటు వేయాలి. తర్వాత స్టాప్ తీసి మామూలుగా నెట్టి కోయాలి. లాగే కోతలో బ్లేడు మీదకు ఎక్కాలని చూస్తుంది కాబట్టి ఈ కొద్ది లోతులో తప్ప ఎప్పుడూ లాగి కోయకూడదు. బ్లేడు గుండ్రం కదా, ఫెన్స్ దగ్గర కొసన గాటు పడకుండా మిగిలిపోతుంది. ఫెన్స్‌కూ ప్లాంకుకూ మధ్య ఒక అంగుళం పట్టీ పెడితే ఆ కొస కూడా గాటు కిందకు వస్తుంది.

కోత అయ్యాక స్విచ్ వదిలి, బ్లేడు ఆగాకే హెడ్డు పైకి ఎత్తాలి. తిరుగుతుండగా ఎత్తితే అంచు మళ్ళీ చెక్కుతుంది, చిన్న ముక్క ఎగిరి తగులుతుంది. 150 మి.మీ. కన్నా పొట్టి ముక్కను చేత్తో పట్టి కోయొద్దు, క్లాంపు వేయాలి. మిషన్ సంచి దుమ్ము అంతా పట్టదు. వాక్యూమ్ గొట్టం తగిలించినా ఎన్95 మాస్కు తీయకూడదు. పై అంతస్తు బాల్కనీ నుంచి పొట్టు కింది ఇంటి ఆరేసిన బట్టల మీద పడితే సొసైటీ పని ఆపించేస్తుంది, రెయిలింగ్‌కు టార్పాలిన్ కట్టాం.

స్కర్టింగ్: 52 మి.మీ. ఎత్తు తగిలే చోటు

స్కర్టింగ్ 75 మి.మీ. ఎత్తు. ఫెన్స్‌కు నిలబెట్టి 45కు తిప్పి కోద్దామంటే 190 మిషన్‌కి 52 మించి అందదు; 216కి కూడా 70 దగ్గర ఆగుతుంది. పడుకోబెట్టి, హెడ్డును ఎడమకు వాల్చి కోయడమే దారి. 300 వెడల్పు ఉంది కాబట్టి 75 సులువుగా పడుతుంది.

హెడ్డు ఎడమకే 45 వాలుతుంది, మరి రెండు చివర్లూ ఎలా? స్కర్టింగ్ ముఖం పైకి ఉంచి, అడుగు అంచు ఫెన్స్‌కు ఆనించి, ఉంచుకునే ముక్క బ్లేడుకు ఎడమవైపు ఉండేలా కోస్తే లోమూలకు ఎడమ చివర వస్తుంది: ముఖం పొట్టి, వెనక పొడవు. కుడి చివరకు పట్టీని బల్లమీదే అర చుట్టు తిప్పి, పై అంచును ఫెన్స్‌కు ఆనించాలి. ముఖం పైకే, ముక్క మళ్ళీ బ్లేడుకు ఎడమవైపే. బయటి మూలలకు ఉంచుకునే ముక్క బ్లేడుకు కుడివైపు ఉండాలి. ఇది నాలుగు చిన్న ముక్కల మీద కోసి, వెనక పేర్లు రాసి మిషన్ పక్కన పెట్టుకుంటే పొడుగు పట్టీలు పాడుకావు.

ప్లాస్టరు గోడల మూల సరిగ్గా 90 ఉండటం అరుదు. కోణం చూసే బెవెల్ పెట్టి కొలిస్తే మొదటి గదిలో ఒక మూల 92 వచ్చింది. మొత్తం తిరగాల్సింది 88, అందులో సగం, వాలు 44. చాలామంది 92లో సగం 46 అని పెట్టేస్తారు. అప్పుడు పట్టీల వెనక కొనలు ముందే తగిలి ముఖం వైపు సందు మిగులుతుంది. మిషన్ గీత 0 అంటే నిటారు కోత అని గుర్తుంచుకుంటే ఈ తికమక ఉండదు.

ఇప్పటికి ఎక్కడిదాకా వచ్చింది

మొదటి గది పరచడం, స్కర్టింగ్ అయిపోయాయి. గుమ్మం దగ్గర టి-ప్రొఫైల్ (రెండు ఫ్లోర్లు కలిసే సందును కప్పే) పట్టీ రావాలి. అది అల్యూమినియం, చెక్క బ్లేడుతో ఈ మిషన్ మీద కోయకుండా చేతి హాక్‌సాతో కోస్తాం. రెండో గదిలో టైల్స్ మట్టం చూస్తే కిటికీ కింద రెండు మీటర్ల పట్టీకి 5 మి.మీ. పల్లం కనిపించింది, 3 దాటితే లాక్ విరుగుతుంది కాబట్టి సెల్ఫ్ లెవెలింగ్ (తనంతట తానే మట్టంగా పరుచుకునే మిశ్రమం) పోసి, ఆరాక 200 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు, దాని మీద 2 మి.మీ. ఫోమ్ వేయాలి. ఓరగోడ దగ్గర నాలుగు ప్లాంకులకు కోణం గోడ మీదే కొలిచి అట్టముక్కతో నమూనా తీసి పెట్టాం: 45 కాదు, 43 ఉంది. మొదటి బ్లేడు అంచు గోధుమరంగుకు తిరగడం మొదలైంది. సాన పట్టడానికి పంపి, రెండో గది రెండో బ్లేడుతో మొదలుపెడతాం.